నూనె త్రాగు ఇంజను

కారు గల ఇంట నూనె తరుగుచున్నదను మాట వినబడినచో యజమాని ముఖము చిన్నబోవును. రింగులు అరిగినవనియు, మెకానిక్కునకు చెల్లింపవలసిన సొమ్ము స్వల్పము కాదనియు ఆయన ఎరుగును. కాని నూనె తరుగకున్నపుడే దిగులుపడవలసిన ఇంజను ఒకటి కలదు. అది రోటరీ ఇంజను. దాని ముందుభాగమున పిడికిలిలో ఇమిడిపోవునంతటి పంపు ఒకటి యుండును. ఇంజను ఆయువంతయు ఆ పంపు చేతిలోనే యున్నది.

ఈ ఇంజనునకు మూలపురుషుడు జర్మనుడైన ఫెలిక్స్ వాంకెల్. 1902లో జన్మించిన ఈయన విశ్వవిద్యాలయపు గడప త్రొక్కినవాడు కాడు. నెకార్సుల్ము పట్టణములోని ఎన్.ఎస్.యు. కర్మాగారమున 1957 ఫిబ్రవరి 1వ తేదీన ఈయన ఇంజను తొలిసారి తిరిగెను. నేడు మన మెరిగిన రూపమును దానికి ఇచ్చినవాడు అదే సంస్థలోని హన్స్ డీటర్ పాష్కే. ఇందు మీదికి క్రిందికి కొట్టుకొను పిస్టను లేదు. నడుము నొక్కిన పట్టుకాయవంటి గదిలో మూడు మూలల రోటరు తిరుగుచుండును. ఆ మూడు కొనలందును అపెక్స్ సీళ్లను సన్నని పలకలుండి గోడను ఒరసికొనుచు పోవును.

చిక్కంతయు ఆ ఒరపిడిలోనే యున్నది. మామూలు ఇంజనులో అడుగుననున్న నూనె సిలిండరు గోడలపై చిమ్మబడును. అధికమైన దానిని పిస్టను రింగు గీకి మరల క్రిందికి పంపును. రోటరీలో ఆ వసతి లేదు. నూనె రోటరు కడుపులో తిరిగి దానిని చల్లబరచునే గాని, మంట రగులు గదిలోనికి దారి లేదు.

మాజ్డా పేర కార్లు చేయుచుండిన హిరోషిమాలోని టోయో కోగ్యో సంస్థ 1961లో ఈ విద్యను ఎన్.ఎస్.యు. నుండి గ్రహించెను. 1963లో కెనిచి యమమోటో నాయకత్వమున ప్రత్యేక పరిశోధనశాఖ ఏర్పడెను. అందలి ఇంజనీర్లు నలుబది ఏడుగురు. జపానువారి పాతకథలో ప్రభువు కొరకు ప్రాణములొడ్డిన వీరులును నలుబది ఏడుగురే యగుటచే ఆ పోలిక వారికి నిలిచిపోయెను. వారిని పీడించిన వ్యాధులు ముఖ్యముగా రెండు. సీళ్లు అదరి గది గోడపై చేసిన గీతలు మొదటిది. వాటిని వారు దయ్యపు గోళ్ల గుర్తులనిరి. లోపలి నూనె మంటగదిలోనికి కారి తెల్లని పొగగా వెడలుట రెండవది. అల్యూమినియము ఇంకించిన కార్బను సీళ్లతో మొదటిదియు, క్రొత్త నూనెసీళ్లతో రెండవదియు లొంగినవి. 1967 మే నెలలో కాస్మో స్పోర్టు కారు అమ్మకమునకు వచ్చెను.

ఇందలి వింతను శ్రోతలు గమనింతురు గాక. నూనె లోపలికి రాకుండ ఏండ్ల తరబడి పోరాడినవారే, అపెక్స్ సీళ్లు ఎండిపోకుండుటకై చుక్కలు లెక్కపెట్టి దానిని లోనికి పంపు ఏర్పాటును కూడ చేయవలసి వచ్చినది! అదియే మీటరింగు పంపు.

సీళ్లు చెడినచో ఏమగునో ఎన్.ఎస్.యు. వారికే తెలిసివచ్చెను. 1967లో వెలువడిన వారి రో 80 కారు బహుమతులందెను గాని సీళ్లు త్వరలో అరిగెను. ఎదురుపడిన యజమానులు ఎన్ని ఇంజనులు మార్చితిమో వ్రేళ్లు చూపి పలుకరించుకొనెడివారని చెప్పుకొందురు. అది పంపు దోషము కాదు. సీళ్లకు ఎంచిన పదార్థపు దోషము. ఆ సంస్థ మాత్రము 1969లో వోక్స్‌వాగన్ వారి గొడుగు క్రిందికి పోయెను.

1978లో వచ్చిన ఆర్.ఎక్స్.-7 తొలి కార్లలో ఈ పంపును ఇంజను ఇరుసే త్రిప్పును. యాక్సిలరేటరు త్రొక్కినకొలది ఒక కడ్డీ పంపు మీటను లాగి మోతాదును పెంచును. సన్నని గొట్టములు ఆ నూనెను కార్బురేటరునకు చేర్చును. పాతబడిన కారులో మొదట చూడవలసినవి ఆ కడ్డీ, ఆ గొట్టములే. కడ్డీ వదులైనను, ఎవరైన విప్పి మరల బిగించుట మరచినను మోతాదు తగ్గును. గొట్టములు వేడికి పెళుసెక్కి, ముట్టుకొన్నంతనే విరుగును. నూనె బయటికి కారినచో అదృష్టమే, కనబడును. గొట్టములో గాలి చేరుట, నూనె వెనుకకు మరలకుండ ఆపు కవాటము మూసుకొనిపోవుట కంటికి కనబడవు.

సందేహము తీరుటకు ఒకటే మార్గము. గొట్టముల కొనలను కార్బురేటరు నుండి విప్పి, కొలపాత్రలో నుంచి, ఆ మోడలు పుస్తకములో చెప్పిన వేగమున, చెప్పినంత సేపు ఇంజనును నడిపి, పడిన నూనెను కొలువవలెను. ఆ సమయమున పెట్రోలులో నూనె కలుపుట మరచినచో పరీక్షయే రోగమగును!

1989 మోడలు నుండి కడ్డీకి బదులు విద్యుత్తు మోటారు వచ్చెను. పంపు ఆజ్ఞ ప్రకారము కదలలేదని తోచినచో కంప్యూటరు ఇంజను వేగమును అణచివేయును. పలువురు దీనిని విసుగుకొందురు గాని, నాకు మాత్రము అది మేలుగానే తోచును. పాతపంపు ఆగిపోయినను అరచి చెప్పలేదు గదా.

పంపును పీకివేసి, పెట్రోలు పోయించిన ప్రతిసారి తామే నూనె కలుపుకొనువారు కలరు. ఇంజను అడుగున నుండు నూనె కాలుటకై చేసినది కాదనియు, కాలినపుడు మసి మిగుల్చుననియు వారి వాదము. అందు న్యాయము లేకపోలేదు. కాని కారును ఎరువిచ్చిన దినమున ఆ సీసా సంగతి చెప్పువారెవరు?

పాత రోటరీ కారును అమ్మజూపువాడు వేల మైళ్లు తిరిగినను చుక్క నూనె తరుగలేదని చెప్పినచో, బేరమాడుటకు ముందు బోనెట్టు ఎత్తి ఆ కడ్డీ ఉన్నదో లేదో చూడవలెను.