రెక్క లేని ఈగ

పిండము ఒక్క కణముతో ఆరంభమగును. అది చీలి చీలి వేల కణములైన పిదప, ఇది రెక్క కావలెను, ఇది వీపు కావలెను అని వానికి తెలుపునది ఏది? ఇరువదవ శతాబ్ది ఈ ప్రశ్నకు కనుగొన్న సమాధానములలో ఒకదాని తొలి పుట మన దేశముననే వ్రాయబడినది.

న్యూఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో ఆర్. పి. శర్మ 1973లో పండ్ల ఈగలలో ఒక వింత సంతతిని గూర్చి చిన్న ప్రకటన చేసిరి. ఆ ఈగలలో కొన్నింటికి రెండు రెక్కలును కలవు, కొన్నింటికి ఒక్కటే, కొన్నింటికి ఒక్కటియును లేదు. 1976లో వి. ఎల్. చోప్రాతో కలిసి వ్రాసిన వ్యాసము మరొక విశేషమును వెల్లడించినది. రెక్క లేనిచోట వెలితి లేదు. వీపు భాగమే అద్దములోని ప్రతిబింబమువలె రెండవమారు ఏర్పడినది. రెక్క పుట్టి నశించుట కాదు. రెక్క కమ్మను ఆజ్ఞయే ఆ కణములకు అందలేదు. ఆ జన్యువునకు 'వింగ్‌లెస్' అని పేరు నిలిచినది.

1982లో అమెరికాలో నుస్సె, వార్మస్‌లు ఎలుకల స్తనములలోని కంతులను పరిశోధించుచు ఒక జన్యువును గుర్తించిరి. అదియు, ఢిల్లీ ఈగ జన్యువును ఒక్క వంశమునకు చెందినవని 1987లో తేలినది. 1991లో ఆ వంశమునకు, రెండు పేర్లను కలిపి, 'వింట్' అని నామకరణము జరిగినది. ఈ వంశపు జన్యువులు మానవునియందును కలవు.

ఈ జన్యువు తయారుచేయించు మాంసకృత్తు పొరుగు కణములకు పంపబడు సందేశము. కాని తయారైనంతమాత్రాన అది సందేశము కాదు. కణములోపల 'పోర్కుపైన్' అను మాంసకృత్తు దానికి ఒక క్రొవ్వు ఆమ్లమును అతికించును. ఆ ముద్ర పడినగాని, 2006లో కనుగొనబడిన 'వింట్‌లెస్' అను వాహకము దానిని కణపు అంచునకు చేర్చదు. చేరిన పిదప ఆ క్రొవ్వే, గ్రహించు కణముపైనున్న గ్రాహకపు గాడిలో ఇముడునని 2012లో తెలిసినది. 'నోటమ్' అను మరొక మాంసకృత్తు ఆ క్రొవ్వును తొలగించి ఆజ్ఞను రద్దుచేయునని 2015లో వెల్లడియైనది. ముద్ర వేయుట, మోయుట, రద్దుచేయుట అను మూడును సరిగా సాగిననే అవయవము తీరుగా ఏర్పడును.

ఈ కథలో మన హైదరాబాదునకును పాలు కలదు. ఈగకు రెండవ జత రెక్కలకు మారుగా, ఎగురునపుడు తూకము నిలుపు చిన్న గుండుసూది తలలవంటి అంగములు ఉండును. అవి రెక్కలుగా ఏల విప్పారవు? హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమున ఎల్. ఎస్. శశిధర, ఆయన సహచరులు 1999లో దీనికి సమాధానము చూపిరి. 'అల్ట్రాబైథోరాక్స్' అను జన్యువు అచట వింగ్‌లెస్ సంకేత మార్గమును అణచుచున్నది. ఢిల్లీలో ఆజ్ఞ లేమివలన రెక్క పోయినది. ఇచట ఆజ్ఞను అణచుటవలననే ఒక క్రొత్త అంగము రూపొందినది.

నేడు ప్రపంచమందలి ప్రయోగశాలలు ప్రతిదినము 'వింట్' అని పలుకుచున్నవి. ఆ పేరులోని తొలి అక్షరము రెక్క లేని ఒక ఈగది. దానిని చూచి, పారవేయక, వ్రాసియుంచిన చూపుది.