అగ్గి చెప్పిన కొలత

దగ్గరికి జరుగుండ్రి పిల్లలూ. ఈ మంటను చూస్తే నాకు మా ఊరి కమ్మరి యాదికొస్తడు. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించాలంటే, పట్టాను చక్రం కంటే జరంత చిన్నగ చేసేటోడు. పిడకల మంటల ఎర్రగ కాల్చంగనే అది సాగి, చక్రం మీదికి అల్కగ దిగేది. నీళ్లు పోస్తే సుయ్యిమని బిగుసుకునేది. ఏడేండ్ల పిల్లగాన్నప్పుడే కండ్లార చూసిన. చూసి మర్చిపోయిన. నా మతిమరుపుకు ఒక పిల్లగాడు మాట పడ్డడు. ఆ ముచ్చటే చెప్త.

బాలానగర్ల ఒక షెడ్డుల నేను క్వాలిటీ చూసేటోన్ని. కొత్తగ కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మిషిన్ వచ్చింది. జాబ్ మీద రెండు బోర్లు, అంటే గుండ్రటి బొక్కలు, నడుమ దూరం అర మీటరు. 20 మైక్రాన్లకు మించి తేడా రావద్దు. మైక్రానంటే మిల్లీమీటర్ల వెయ్యో వంతు. ఏసీ గదిల 20 డిగ్రీల కాడ ఉంచి కొలిచేది. కొలతలకు ఆ వేడే ప్రమాణమని 1931ల అంతర్జాతీయంగ ఖాయం చేసిండ్రు.

పొద్దుగాల చేసిన జాబులు పాస్. పగటాల దాటినంక చేసినవి ఫెయిల్, దూరం 50 మైక్రాన్ల దాక ఎక్కువ. తెర మీద మాత్రం 500.000 అనే ఉన్నది. మిషిన్ తప్పు చెయ్యదనుకున్న. రెండో షిఫ్టు ఆపరేటర్‌ను పిలిచి నలుగుట్ల తిట్టిన. తల దించుకోని ఒక్కటే మాటన్నడు: "సార్, పొద్దుగాల వాళ్లు చేసినట్టే చేసిన."

ఆ రాత్రి నిద్ర పట్టలే. తెల్లారి మిషిన్ ఆపించి, కవర్ తీసి, టేబుల్‌ను జరిపే బాల్ స్క్రూకు థర్మామీటర్ పెట్టిన. మల్ల పగటాల పెట్టిన. పది డిగ్రీలు ఎక్కింది. ఉక్కు మీటరు పొడుగుంటే, డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతది. అర మీటరుకు, పది డిగ్రీలకు లెక్కేస్తే 57.5 మైక్రాన్లు. స్క్రూ ఎన్ని చుట్లు తిరిగిందో మిషిన్‌కు ఎరుకే. స్క్రూ ఎంత సాగిందో ఎరుక లేదు.

తర్వాత దూరం కొలిచే లేజర్ తెప్పించినం. ఎర్రటి కిరణం, దాని అల పొడుగు 0.633 మైక్రాన్లు. మిషిన్‌ను బాగ తిప్పి వేడెక్కినంక, 50 మిల్లీమీటర్లకోసారి ఆపుకుంట, పోయేటప్పుడు, వచ్చేటప్పుడు చదివినం. రెండిట్ల తేడా వస్తే అది బ్యాక్‌లాష్. గాలి వేడి మారితే కిరణం కొలత గూడ మారుతది, అందుకని గాలిని గూడ కొలిచినం. ఆ తేడాల పట్టీ కంట్రోల్ల ఎక్కించినం. అయితే ఆ పట్టీ ఆ వేడికే సరి. అందుకే దినాం జాబ్ పెట్టకముందు అరగంట ఖాళీగ తిప్పుడు మొదలువెట్టినం. పైసలు జమైనంక టేబుల్ జాగను నేరుగ చదివే గ్లాస్ స్కేల్ పెట్టించినం. ఇగ టేబుల్ యాడున్నదో స్క్రూను అడుగుడు తప్పింది.

లేజర్ రాకముందే ఇంకో పని చేసిన. ఏ నలుగుట్ల తిట్టిన్నో ఆ నలుగురినే పిలిచి, లెక్కంత బోర్డు మీద రాసి, తప్పు నాదన్న. థర్మామీటర్ ఆ పిల్లగాని చేతిల పెట్టి, దినాం స్క్రూ వేడి రాసే పని నీదన్న. ఇనుము పెరుగుతదని చిన్నప్పుడే చూసినోన్ని, పిల్లగాన్ని అనేముందు ఆ స్క్రూ మీద చెయ్యన్న పెట్టి చూడకపోతిని.