పెదవి, సెలవి, కరువు: అనంతపురం మెట్టసీమలో ఒక శరీరలక్షణ చరిత్ర

కరువు చరిత్రను వర్షపాతం లెక్కలతోను, పంటల దిగుబడులతోను, మరణాల పట్టికలతోను నిర్మించడం పరిపాటి. కరువు మనిషి దేహం మీద వదిలిన చిన్న గుర్తులకు అందులో చోటు అరుదు. పెదవుల పగులు అటువంటి గుర్తు. అనంతపురం మెట్టప్రాంతంలో దీనిని సాధారణంగా ఎండకు, గాలికి, చలికి ఆపాదించడం కనిపిస్తుంది. ఆ వివరణ కొంతమేరకే సరిపోతుంది. పెదవి నడుమ చీలికకు, నోటి మూలన ఏర్పడే పుండుకు కారణాలు వేరు, ఉపశమనాలూ వేరు. ఈ భేదం వైద్యచరిత్రలో ఎట్లా రూపుదిద్దుకొన్నదో, కరువు చరిత్రకు దాని ప్రయోజనమేమో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఈ భేదాన్ని తెలిపే పదసంపద తెలుగుకు ఉంది. పెదవికి మోవి, వాతెర వంటి పర్యాయపదాలుండగా, పెదవులు రెండూ కలిసే మూలకు 'సెలవి' అనే ప్రత్యేకపదం ఉంది. నేటి వాడుకలో ఈ పదం అరుదై, 'నోటి మూల' అనే వర్ణనాత్మక ప్రయోగం దాని స్థానంలో నిలిచింది.

అనంతపురం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న పీఠభూమి. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పొడిగాలి పెదవి మీది తేమను త్వరగా హరిస్తుంది. పెదవి పైపొర మిక్కిలి పలుచన. శరీరంలోని ఇతర చర్మం వలె తనకు తాను నూనె స్రవించుకోలేదు. నాలుకతో తడుపుకొంటే ఆ తడి ఆరుతూ ఉన్న తేమను కూడా తీసుకొనిపోతుంది. వెన్న, నెయ్యి, ఆముదం రాయడం ఈ స్థితికి తగిన చికిత్స. జిడ్డు పొర తేమను లోపల నిలుపుతుంది. సుశ్రుతసంహిత నిదానస్థానం ఓష్ఠరోగాలను ఎనిమిదిగా విభజించి, వాతజమైన దానిలో పెదవులు గరుకై, బిగిసి, చీలుతాయని చెప్పింది. చికిత్సాస్థానం అందుకు స్నేహద్రవ్యాలను తేనెమైనంతో కలిపి వాడమన్నది. జిడ్డు, మైనం కలిసిన ఈ లేపనసూత్రమే నేటి పెదవి లేపనాలలోనూ కొనసాగుతున్నది.

అయితే పైపూతకు లొంగని పగులు మరొకటి ఉంది. దాని చరిత్ర కరువు శిబిరాల తిండితో ముడిపడినది. 1876-78 మహాక్షామంలో దత్తమండలాలు తీవ్రంగా నష్టపోయాయి. నేటి అనంతపురం ప్రాంతం అప్పటికి బళ్లారి జిల్లాలో భాగం. 1882లో గాని ప్రత్యేక జిల్లా కాలేదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయక పనులలోని కూలీకి రోజుకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యాన్ని ఆధారంగా వేతనం నిర్ణయించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అది కష్టం చేసే దేహానికి చాలదని వ్యతిరేకించాడు. వివాదమంతా ప్రధానంగా తూకం చుట్టూ తిరిగింది. తిండిలోని సూక్ష్మపోషకాల ప్రశ్న అప్పటి శాస్త్రానికి ఇంకా అందలేదు.

ఆ ప్రశ్నకు సమాధానం 20వ శతాబ్దిలో లభించింది. 1930ల మధ్యలో కూనూరు పోషకాహార పరిశోధనాలయంలో ఎక్రాయిడ్, కృష్ణన్ దక్షిణ భారతదేశపు పిల్లల నోటిపుండ్లను పరిశీలించి, వాటిని బి2 విటమిన్ లోపంతో అనుసంధానించారు. 1938లో అమెరికాలో సెబ్రెల్, బట్లర్ ఆహారంలో రైబోఫ్లావిన్ తగ్గించినప్పుడు పెదవులు ఎర్రబారి సెలవులు పగలడాన్ని నమోదు చేశారు. కూనూరు సంస్థ 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా మారింది. సెలవి పగులుకు రైబోఫ్లావిన్ లోపం ఒక్కటే కారణం కాదు. బి6 విటమిన్, ఇనుము లోపాలు, శిలీంధ్రాలు కూడా కారణాలు కాగలవు. అయినా పగులుకు మూలం గాలిలోనే కాక కంచంలోనూ ఉండవచ్చునని ఆ పరిశోధనల వల్ల స్థిరపడింది.

ఈ దృష్టితో చూస్తే మెట్టపంటల చరిత్రకు కొత్త అర్థం ఏర్పడుతుంది. భారతీయ ఆహారాల పోషక విలువల పట్టిక ప్రకారం 100 గ్రాముల రాగులలో 0.19, సజ్జలలో 0.25, జొన్నలలో 0.13 మిల్లీగ్రాముల రైబోఫ్లావిన్ ఉండగా, మరపట్టిన బియ్యంలో అది 0.06 మాత్రమే. వేరుశనగ సాగు విస్తరించి చిరుధాన్యాల నేలను ఆక్రమించడం, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం రావడం ఈ ప్రాంతపు కంచాన్ని మార్చాయి. ఆ బియ్యం ఆకలిని తీర్చిన మేలు కాదనలేనిది. కానీ పాలు, గుడ్లు, ఆకుకూరలు తోడుకాని అన్నం ఈ లోపాన్ని పూరించజాలదు. టెంపుల్ కాలంలో తూకం పేరిట మొదలైన చర్చ ఇట్లా గుణం దగ్గర ముగింపు లేక నిలిచింది.

కావున మెట్టసీమలో పెదవి పగులును ఒకే లక్షణంగా పరిగణించడం చరిత్రరచనకు చేటు. నడిమి పగులు వాతావరణానికి సాక్ష్యం; దానికి వెన్నపూస చాలును. సెలవి పగులు ఆహారలేమికి సాక్ష్యం కావచ్చు; దానికి పైపూత చాలదు. రెంటినీ 'గాలి దెబ్బ' అన్న ఒక్క మాటలో కలిపివేస్తే, ఆకలి చరిత్ర వాతావరణ చరిత్రగా మారువేషం వేస్తుంది. మనుషుల నిర్ణయాల వల్ల కలిగిన లేమి ప్రకృతి పద్దులో చేరిపోతుంది. కనుమరుగవుతున్న 'సెలవి' అనే చిన్న పదం ఆ పొరపాటును నివారించగల పరిభాషగా మిగిలి ఉంది.