చైనా పింగాణీ జాడీ: అసలు, నకలు

పాత చైనా జాడీని పరీక్షించేవారు ముందు దాన్ని బోర్లించి చూడాలి. మెరుపు పూత లేని అడుగు అంచు వాడకంతో అక్కడక్కడా హెచ్చుతగ్గులుగా అరిగి ఉంటుంది. నకలును పాతదిగా చూపడానికి పూసిన మురికి కడిగితే పోతుంది. అడుగున ఉండే చక్రవర్తి ముద్ర ఒక్కటే రుజువు కాదు. కాంగ్‌షీ చక్రవర్తి పాలనలో (1661–1722) చేసిన పాత్రల మీదే అంతకు రెండు శతాబ్దాల ముందరి చెంగ్‌హువా చక్రవర్తి ముద్రలు వేశారు. ఇంగ్లిషులో ‘చైనా’ అని ఉంటే సాధారణంగా 1891 తరువాతి ఎగుమతి సరుకు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ఇళ్లలో ఆవకాయ పెట్టే దళసరి జాడీలు వేరు. అసలైన పింగాణీ పలచగా ఉన్నచోట వెలుతురును పోనిస్తుంది. పోల్చి చూసుకోవడానికి హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని చైనా విభాగాన్ని మించింది దగ్గరలో లేదు. జాడీ అసలైనదని తేలినా, నూరేళ్లు దాటిన కళాఖండాలను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధించింది.