ప్రకృతిచిత్రంలో రూపారూపాలు

చెట్టు చెట్టులాగా, ఏరు ఏరులాగా కనిపించని ప్రకృతిచిత్రాన్ని చూచినప్పుడు మన సాహితీపరులలో పలువురు వెంటనే ఇచ్చే తీర్పు ఒకటున్నది: ఇది పారిస్ నుంచి దిగుమతి అయిన సరుకు, మన నేలకు పరాయిది అని. ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో పరిశీలించటానికి ఇద్దరు తెలుగు చిత్రకారుల కృషి మనకు ఆధారమవుతుంది. ఇద్దరూ 1940లో పుట్టినవారు. ఇద్దరూ హైదరాబాదులోని ప్రభుత్వ చిత్రకళా విద్యాలయంలో చదివినవారు. ఒకరు లక్ష్మాగౌడ్, మరొకరు సూర్యప్రకాశ్. మొదటివారు చిత్రించిన ప్రకృతి అధివాస్తవికం, రెండవవారిది అమూర్తం. అయినా ఈ ఇద్దరి చిత్రాలూ కళ్ళారా చూచిన నేలనుంచి పుట్టినవే.

ఆధునికాంధ్ర చిత్రకళలో ప్రకృతి చిత్రణకు పూర్వరంగం దామెర్ల రామారావు. 1897లో జన్మించి, బొంబాయి జె. జె. కళాశాలలో శిక్షణ పొంది, 1923లో రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల నెలకొల్పి, 1925లోనే కన్నుమూసిన ఆ యువకుడు గోదావరీతీరాన్ని నీటిరంగులలో చిత్రించారు. ఆ దృశ్యాలలో ఆకాశం పైన, నీరు క్రింద, ఒడ్డు నడుమ ఉంటాయి. చూపరి ఎక్కడ నిలిచి చూస్తున్నాడో చిత్రమే చెబుతుంది. ఈ స్పష్టతకు అలవాటుపడిన మన కన్ను, తరువాతి తరంవారు ఆ నిలుచునే చోటును తొలగించినప్పుడు తడబడింది.

తడబాటుకు మరొక కారణం కూడా ఉన్నది. ‘అధివాస్తవికత’ అనే మాట మనకు చిత్రాలద్వారా గాక కవిత్వంద్వారా పరిచయమయింది. ఆంద్రె బ్రెతాఁ 1924లో పారిస్‌లో ప్రకటించిన సిద్ధాంతం శ్రీశ్రీకీ, శ్రీరంగం నారాయణబాబుకూ ఉత్తేజం కలిగించింది. అందువల్ల అధివాస్తవికత అంటే స్వప్నం, అంతశ్చేతన, పొంతన లేని పదచిత్రాలు అనే భావం మనలో స్థిరపడింది. అదే కొలమానంతో చిత్రకారులను కూడా కొలిచాము.

లక్ష్మాగౌడ్ విషయంలో ఈ కొలమానం చాలదు. వారిది మెదకు ప్రాంతంలోని నిజాంపూర్. గుజరాతుతో తెలుగువారి సంబంధమనగానే బ్రతుకుతెరువుకు సూరత్ వెళ్ళిన నేతపనివారు గుర్తుకు వస్తారు. చిత్రకళలో ఆ సంబంధం సూరత్‌కు ఉత్తరాన ఉన్న బరోడాతో ఏర్పడింది. హైదరాబాదులో చదువు ముగిశాక 1963లో లక్ష్మాగౌడ్ అక్కడి విశ్వవిద్యాలయంలో చేరి, కె. జి. సుబ్రహ్మణ్యన్ వద్ద కుడ్యచిత్రణనూ, ముద్రణచిత్రకళనూ అభ్యసించారు. ఆ తరువాతి దశలో ఆయన చేసిన ఎచ్చింగులు దేశమంతటా పేరు తెచ్చాయి.

ఎచ్చింగు శ్రమతో కూడిన పని. లోహపు రేకుపై మైనపు పూత పూసి, సూదితో గీత గీసి, రేకును ఆమ్లంలో ముంచాలి. ఆమ్లం తినివేసిన గాడిలో సిరా నింపి, తడికాగితంపై అదిమి అచ్చు తీయాలి. ఆ గాడులలోనుంచి వచ్చిన నలుపులో ఆయన పల్లె కనిపిస్తుంది. బండరాళ్ళు దేహాలవలె ఉబికి ఉంటాయి. చెట్టు కొమ్మలకూ మనిషి అవయవాలకూ హద్దు చెరిగిపోతుంది. మేకలు మనుషులతో సమానంగా చోటు ఆక్రమిస్తాయి. శృంగారం దాపరికం లేకుండా ఉంటుంది. ఇది స్వప్నలోకం కాదు. మనిషి, పశువు, మాను, రాయి ఒకే ఆవరణలో బ్రతికే పల్లె అనుభవాన్ని, వాటిని విడదీయకుండా చెప్పటమే ఇక్కడి అధివాస్తవికత.

సూర్యప్రకాశ్ దారి వేరు. మధిరలో పుట్టిన ఆయన ఢిల్లీలో రామ్‌కుమార్ వద్ద పనిచేశారు. రామ్‌కుమార్ పేరు రచయితలకు ప్రత్యేకంగా తెలియదగినది. ఆయన హిందీలో కథలు వ్రాసినవారు. నిర్మల్ వర్మకు అన్న. తొలినాళ్ళలో నగరవాసుల విషణ్ణ వదనాలను చిత్రించిన ఆయన 1960లో కాశీకి వెళ్ళిన తరువాత మనుషులను విడిచిపెట్టారు. ఘట్టాలూ, గోడలూ, నీరూ క్రమంగా రంగు పలకలుగా మారాయి. కథకుడే కథను త్యజించటం అల్పవిషయం కాదు.

శిష్యుడు గురువును అనుకరించలేదు. సూర్యప్రకాశ్ మొదట తుప్పుపట్టిన మోటారుకారుల శిథిలాలను చిత్రించారు. లోహాన్ని గాలీ, వానా తినివేస్తే ఏ రంగు పుడుతుందో అక్కడ పరిశీలించారు. తరువాత ఆకులకూ, కొలనులకూ మళ్ళారు. నీటిపై తేలే ఆకు, నీటిలో ఆకాశపు నీడ, అడుగున చీకటి, ఈ మూడూ ఒకే తలంపైకి వస్తాయి. నింగీ నేలా కలిసే రేఖ లేకపోతే పైదేదో క్రిందిదేదో చెప్పలేము. కాని కొలను అంచున తలవంచి నిలుచున్నవారికి కనిపించేది అదే. అమూర్తమని మనం పేరుపెట్టినది దగ్గరనుంచి చూచిన వాస్తవమే. హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో ఆస్థాన చిత్రకారుడుగా చాలాకాలం పనిచేసి, ఆయన 2019లో దివంగతులైనారు.

ఒకరు రూపాలను ఒకదానిలో ఒకటి కలిపారు. ఒకరు రూపాన్ని విడిచి రంగునూ వెలుగునూ నిలిపారు. ఇద్దరూ ప్రకృతికి వెన్నుచూపలేదు. అయినా ఇటువంటి చిత్రాలముందు మన విమర్శ మూగపోతుంది, లేదా అనువాదపదాలను వల్లిస్తుంది. ‘అమూర్తం’, ‘అధివాస్తవికం’ అన్న పేర్లు చిత్రాన్ని ఏ అరలో పెట్టాలో చెబుతాయేగాని, అందులో ఏమున్నదో చెప్పవు.

ఆ భాష మనకు లేకపోలేదు. మన రైతు నేలను దృశ్యంగా వర్ణించడు. నల్లరేగడి అంటాడు, ఎర్రచెలక అంటాడు, చౌడు అంటాడు, ఇసుకదుబ్బ అంటాడు. ఇవన్నీ రంగుకూ, స్పర్శకూ, తేమకూ పెట్టిన పేర్లు. వీటిలో చెట్టు లేదు, కొండ లేదు, దిగంతం లేదు. నేల మాత్రం సంపూర్ణంగా ఉన్నది. ఆ పదాలతో ఆలోచించగల జాతికి అమూర్త ప్రకృతిచిత్రం పరాయిది కానేరదు. చిత్రకారులు తమ పని తాము చేశారు. ఈ మాటలను విమర్శలోకి తెచ్చి, ఆ చిత్రాలముందు నిలిచి మాట్లాడవలసిన బాధ్యత రచయితలది.