జేమ్స్ మాడిసన్ రాజకీయ రచనలు: పఠన విధానం

జేమ్స్ మాడిసన్ (1751–1836) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు నాలుగో అధ్యక్షుడైనా, రాజనీతిశాస్త్రంలో ఆయన స్థానం ప్రధానంగా రచనల వల్ల ఏర్పడింది. ఇవి తీరికగా కూర్చిన సిద్ధాంత గ్రంథాలు కావు. మతబోధకుల పోషణకు పన్ను వేయాలన్న వర్జీనియా బిల్లును ఎదిరిస్తూ 1785లో పేరు చెప్పకుండా రాసిన వినతిపత్రం మొదలుకొని చాలావరకు ఏదో ఒక వివాదం నడుమ పుట్టినవే కనుక, ఎప్పుడు, ఎవరి కోసం రాశారో తెలుసుకున్నాకే వాటిని చదవాలి.

వీటిలో ప్రసిద్ధమైనవి ‘ఫెడరలిస్ట్’ వ్యాసాలు. కొత్త రాజ్యాంగానికి న్యూయార్క్ ప్రజల ఆమోదం కూడగట్టడానికి అలెగ్జాండర్ హామిల్టన్, జాన్ జే, మాడిసన్ ‘పబ్లియస్’ అనే ఉమ్మడి కలంపేరుతో 1787–88లో వెలువరించిన ఈ 85 వ్యాసాలలో, 1787 నవంబరు 22న అచ్చయిన పదోది అత్యంత లోతైనది. ఇతరుల హక్కులకు గానీ సమాజ శ్రేయస్సుకు గానీ విరుద్ధమైన ఆవేశంతోనో స్వార్థంతోనో ఏకమైన గుంపును, అది అల్పసంఖ్యాకమైనా అధికసంఖ్యాకమైనా, మాడిసన్ ముఠాగా నిర్వచించారు. ముఠాల పుట్టుకను అరికట్టాలంటే స్వేచ్ఛనే చంపుకోవాలి కాబట్టి వాటి దుష్ఫలితాలను అదుపు చేయడమే మార్గమనీ, విశాలమైన దేశంలో ప్రయోజనాలు అనేకంగా చీలి ఉండటం వల్ల ఏ ఒక్క ముఠా అయినా అధికసంఖ్యాకమై ఇతరులను అణచడం కష్టమనీ ఆయన వాదించారు. ఇక్కడ ‘ప్రజాస్వామ్యం’ అంటే పౌరులే సమావేశమై స్వయంగా పాలించే పద్ధతి, ‘గణతంత్రం’ అంటే ఎన్నికైన ప్రతినిధుల పాలన. నేటి అర్థంతో చదివితే మాడిసన్ ప్రజాస్వామ్య ద్వేషిగా కనిపిస్తారు, అది అన్యాయం.

పన్నెండు వ్యాసాల కర్తృత్వంపై చిరకాలం వివాదం నడిచింది. మాడిసన్ ‘వైల్‌స్ట్’ అని రాసేచోట హామిల్టన్ ‘వైల్’ అని రాసేవారు. ఇటువంటి చిన్న మాటల వాడుకను లెక్కగట్టిన మోస్టెల్లర్, వాలెస్ అనే గణాంకశాస్త్రవేత్తలు 1964లో ఆ పన్నెండూ మాడిసన్‌వేనన్న అభిప్రాయాన్ని బలపరిచారు.

వ్యాసాల పక్కనే ఉత్తరాలనూ చదవాలి. అధికసంఖ్యాకులు తలచుకుంటే కాగితం మీది హక్కులు నిలవవని 1788 అక్టోబరులో జెఫర్సన్‌కు రాసిన మాడిసనే, 1789 జూన్ 8న హక్కుల సవరణలను ప్రతినిధుల సభలో ప్రతిపాదించారు. వాటి నుంచి రూపొందిన పది సవరణలు 1791లో అమలులోకి వచ్చాయి.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవవలసింది 54వ వ్యాసం. ప్రాతినిధ్యం లెక్కించేటప్పుడు బానిసల సంఖ్యలో అయిదింట మూడు వంతులనే చేర్చాలన్న నిబంధనను మాడిసన్ అందులో సొంత గొంతుతో కాక, ఒక దక్షిణాది వాసి నోట పలికించి సమర్థించారు. ఆయన స్వయంగా దక్షిణాదివారు, మాంట్‌పెలియర్ తోటలో బానిసల యజమాని. వీలునామాలోనూ వారికి స్వేచ్ఛ ఇవ్వలేదు.