కాలేజీ జీతము కట్టినదెవరు?

శతవార్షికోత్సవ సంచికలో గుడుల శంకుస్థాపనలు, బిషప్పుగార్ల అభిషేకములు, దొరగార్ల, దొరసానిగార్ల సేవ ఎలాగూ ఉంటాయి. మన అధ్యక్ష మండలములో ఏ పాఠశాలను ఏ సంవత్సరములో తెరిచారో నాకంటె బాగా తెలిసిన పెద్దలు రాస్తున్నారు. సంపాదక వర్గమువారు నాకు ‘సంఘము - ఉన్నత విద్య’ అనే విషయము ఇచ్చినప్పుడు నా మనసులో మెదిలినది ఒక చిన్న ప్రశ్న. మన పిల్లలు కాలేజీ మెట్లెక్కడానికి ఎవరి డబ్బు ఖర్చయింది? పల్లెలలో పెద్దలు ఫీజును ‘జీతము’ అనే వారు. ‘పిల్లవాడి స్కూలు జీతము కట్టాలి’ అని అప్పుకు వచ్చేవారు. ఆ జీతము ఎవరు కట్టారో దానిని బట్టే మనవాళ్ళు ఏ చదువు చదవాలి, ఇంట్లో ఎవరు చదవాలి, చివరికి కాగితము మీద తమ పేరేమని రాయించుకోవాలి అన్నవి కూడా నిర్ణయమయ్యాయని నా అభిప్రాయము.

మొదటి సంగతి కొంచెము చేదుగానే ఉంటుంది. మిషను కాలేజీలు మనకోసమే వెలిశాయని మనము అనుకుంటాము. మచిలీపట్నములో రాబర్ట్ నోబుల్ గారు 1843లో తెరిచిన పాఠశాలే తరువాత నోబుల్ కాలేజీ అయింది. అందులో మొదట చేరినవారు పెద్ద కులముల పిల్లలు. గుంటూరులో లూథరన్ మిషనువారి కాలేజీ, అంటే నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల, 1885లో ఆరంభమైంది. అక్కడి తరగతులలోనూ చాలాకాలము హిందూ కుటుంబముల పిల్లలే ఎక్కువ. దీనికి కారణము దొరల మనసులో వెదకనక్కరలేదు, లెక్కల పుస్తకములోనే ఉన్నది. 1854లో ఇంగ్లండునుంచి వచ్చిన విద్యా ఉత్తరువు, అదే వుడ్ దొర డిస్పాచ్, ప్రైవేటు పాఠశాలలకు ప్రభుత్వ గ్రాంటు ఇవ్వవచ్చునంటూనే, ఎంత తక్కువైనా సరే విద్యార్థి దగ్గర ఫీజు తీసుకోవాలని చెప్పింది. కరణముగారి అబ్బాయి, ప్లీడరుగారి అబ్బాయి ఆ ఫీజు కట్టగలరు. మన తాత ముత్తాతలకు కూలి గింజల రూపములో వచ్చేది. కుంచాలతో కొలిచి పెట్టిన జొన్నలను కాలేజీ గుమాస్తా జమ కట్టుకోడు కదా!

అప్పటి పేదరికము ఎంతటిదో తెలియాలంటే ఒంగోలు ప్రాంతము సంగతి చాలు. 1876-78 కరవులో బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మము ఇచ్చారు. పలుగు, పార పట్టి కరవు గడిపిన ఇండ్లవారు తమ బిడ్డ బి.ఏ. చదవాలని ఊహించడము కూడా కష్టమే.

మరి మనవాళ్ళు చదివినది ఎక్కడ? బోర్డింగు పాఠశాలలో. అక్కడ జీతము లేదు, భోజనము, బట్ట ఉన్నాయి. ఆ ఖర్చు భరించినవారు సముద్రముల అవతలి సంఘస్థులు, వారిలోనూ ఎక్కువగా స్త్రీల సమాజములవారు. ఏటా ఒక్కొక్క పిల్లకు, పిల్లవాడికి ఇంత అని చందా పంపేవారు. వారిలో చాలామంది ధనవంతులు కారు. ఆ రుణము మనము మరువరాదు. అయితే ఆ డబ్బు ఒక దారి పట్టుకొని వచ్చింది. పల్లెకు ఉపాధ్యాయుడు కావాలి, ఉపదేశి కావాలి, ఆసుపత్రికి నర్సు కావాలి. కాబట్టి ట్రెయినింగు స్కూలుకు డబ్బు ఉండేది, కాలేజీకి అరుదు. పైగా టీచరు ట్రెయినింగులోను, నర్సు ట్రెయినింగులోను విద్యార్థే ఎదురు స్టైపెండు తీసుకొనేవాడు. గుంటూరులో 1883లో అడుగుపెట్టిన డాక్టరు అన్నా కుగ్లర్ దొరసానివంటి వారి ఆసుపత్రులు మన ఆడపిల్లలకు అలా తలుపు తీశాయి. తెలుగు క్రైస్తవ కుటుంబములలో టీచర్లూ నర్సులూ ఇంతమంది ఎందుకున్నారని బయటివారు అడుగుతారు. సేవాభావము అని మనము జవాబు చెబుతాము. అది నిజమే, కాని సగము నిజము. జీతము అడగని చదువులు అవి రెండే.

1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన వేదనాయకము సామ్యూల్ అజరయ్యగారు సంఘము తన కాళ్ళమీద తాను నిలవాలని పట్టుబట్టినవారు. తెలుగు సంఘములలో ప్రతి పూట పొయ్యిమీదికి ఎసరు పెట్టేటప్పుడు తీసిపెట్టే పిడికెడు బియ్యము ఆ కాలపు స్త్రీల కానుక. ఆ బియ్యముతో ఉపదేశికి జీతము వచ్చింది, గుడికి కప్పు వచ్చింది. కాలేజీ జీతమునకు మాత్రము అది చాలలేదు.

ఇక ప్రభుత్వపు డబ్బు. బరోడా మహారాజు సాయాజీరావు గారు 1913లో నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళపాటు ఇచ్చిన వేతనముతో అమెరికాలో చదివిన అంబేద్కరుగారు, 1942లో వైస్రాయి కార్యవర్గములో సభ్యులయ్యారు. పై చదువుల జీతము ఎవరో కట్టకపోతే దళితుని బిడ్డ హైస్కూలు దాటడని ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. 1944లో భారత ప్రభుత్వము షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్ తరువాతి చదువులకై ఉపకార వేతనములు ప్రారంభించింది. మొదట కేటాయించినది ఏటా మూడు లక్షల రూపాయలు. దేశమంతటికీ మూడు లక్షలు అంటే నేడు నవ్వు రావచ్చు. కాని మన పల్లెలలో మొదటి గ్రాడ్యుయేట్లు ఎందరో ఆ విత్తనమునుంచి మొలిచినవారే.

ఆ వేతనము ఎవరికి? షెడ్యూలులో పేరున్నవారికి. 1936 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తరువులోనే క్రైస్తవుడైనవాడు ఆ జాబితాలోకి రాడని రాసి ఉన్నది. స్వతంత్రము వచ్చాక 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తరువులో మూడవ పేరా హిందూ మతమువారికి మాత్రమే ఆ హోదా అన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు.

ఈ ఒక్క పేరా మన ఇండ్లలో చేసిన పని ఏ చరిత్ర పుస్తకములోనూ సరిగా రాలేదు, అందుకే కొంచెము నిదానముగా రాస్తాను. ఒకే వీధి, ఒకే గుడి, ఒకే కూలి, ఊరి బావి దగ్గర ఒకే అవమానము. పిల్లవాడు ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసవుతాడు. కాలేజీ గుమాస్తా ముందు రెండు దారులుంటాయి. క్రైస్తవుడని రాస్తే జీతము తండ్రి కట్టాలి. హిందువని రాస్తే సర్కారు కడుతుంది. పాదిరిగారి బాప్తిస్మపు పుస్తకములో ఒక పేరు, కాలేజీ రిజిస్టరులో మరొక పేరు అలా వచ్చాయి. అన్నకు ఒక రకము సర్టిఫికెట్టు, తమ్మునికి ఇంకొక రకము ఉన్న ఇండ్లు నేను పనిచేసిన పాస్టరేట్లలో చూశాను. పండుగనాడు అందరూ ఒకే బల్ల దగ్గర మోకాళ్ళూనినవారే. వారిని వేషధారులని ఎంచేవారు సంఘములో కొందరున్నారు. నాకు ఆ మాట నోటికి రాదు. బిడ్డ చదువు ఒక చేతిలో, బిడ్డ పేరు ఒక చేతిలో పెట్టి, ఏది వదులుకుంటావని తండ్రిని అడిగినది చట్టము. తప్పు వెదకదలచినవారు అక్కడ మొదలు పెట్టాలి.

ఆ దారి వద్దనుకున్నవారూ ఉన్నారు. వారి లెక్క ఎక్కడా రాసిలేదు. పాడి గేదెను అమ్మారు. మిషనువారి కాలములో చేతికొచ్చిన అరెకరము తాకట్టు పెట్టారు. తల్లి చెవికమ్మలు మొదటి సంవత్సరము టర్ము ఫీజుకు, మేనమామ ఇచ్చిన చేబదులు హాస్టలు మెస్సుకు పోయేవి. అన్నిటికంటె పెద్ద స్కాలర్‌షిప్పు మన సంఘములలో పెద్దన్న. మిషను స్కూలులో సెకండరీ గ్రేడు టీచరై, ఇరవయ్యేళ్ళకే సంసారమంతా నెత్తిన వేసుకొని, పెండ్లి వాయిదా వేసుకొని, నెలనెలా తమ్మునికి మనియార్డరు చేసినవాడు. తమ్ముడు డిప్యూటీ తహసీల్దారో లెక్చరరో అయ్యాక ఊరికి వస్తే అందరూ అతనినే చూశారు. అన్నగారు టీచరుగానే రిటైరయ్యారు. అక్కల సంగతి ఇంకా వెనక. ఒకరికే జీతము కట్టగలిగిన ఇంట్లో మగపిల్లవాడే వెళ్ళాడు, ఆమె నర్సు ట్రెయినింగుకు వెళ్ళింది. ఆ స్టైపెండులో మిగిల్చి తమ్ముని పరీక్ష ఫీజు కట్టిన అక్కలు మన గుడిలో ముందు వరుసలో కూర్చున్నారు, ఎవరని నేను చెప్పనక్కరలేదు.

ప్రభుత్వము పూర్తిగా చేయి విడిచిందనడము కూడా న్యాయము కాదు. 1970లో ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలో ‘సి’ గ్రూపు అంటూ, షెడ్యూల్డు కులములనుంచి క్రైస్తవులైనవారికీ వారి సంతానమునకూ ఒక్క శాతము కేటాయించారు. 1977 ఆగస్టు 30న 341వ నంబరు జి.ఓ. వచ్చింది. దళితులకు రాష్ట్రము తనంతట ఇచ్చే, చట్టముతో ముడిపడని రాయితీలను క్రైస్తవ, బౌద్ధ మతములలోకి వెళ్ళినవారికి కూడా వర్తింపజేసింది. ఆ జి.ఓ. కాపీని మడతలు చిరిగేదాకా జేబులో పెట్టుకు తిరిగిన సంఘ పెద్దలు ఉండేవారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడవ పేరాను తొలగించాలని సిఫారసు చేసింది. 2009లోను, 2023లోను మన శాసనసభ ఆ కోరికతో తీర్మానములు చేసింది. 2022లో కేంద్రము ఇదే విషయముపై బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది.

సంఘము తాను చేసినది కూడా ఒకటి ఉన్నది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో సీటుకు సంఘములు, మిషను ఆసుపత్రులు విద్యార్థులను స్పాన్సరు చేస్తాయి, చదువు ముగిశాక వారు కొంతకాలము మిషను ఆసుపత్రిలో పనిచేసి ఆ బాకీ తీరుస్తారు. రొక్కము కాక పనితో తీర్చే జీతమన్న మాట. ఇటువంటిదే 1963లో భారత ప్రభుత్వము తెచ్చిన రుణ స్కాలర్‌షిప్పు. ఉద్యోగము వచ్చాక వాయిదాలలో తిరిగి కట్టాలి, టీచరైతే ఏటా పదో వంతు మాఫీ. మనవారిలో కొందరు దానితోనే కాలేజీ చూసి మళ్ళీ టీచర్లయ్యారు.

1980ల తరువాత కథ మారిపోయింది. ప్రైవేటు కాలేజీలు పెరిగాయి. 1983లో కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టము వచ్చింది, 1984లో ఎంసెట్ వచ్చింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఫ్రీ సీటు, పేమెంటు సీటు అని రెండు రకములు చేసింది. మన పల్లెలలో ‘పేమెంటు’ అనే మాట అప్పుడే నోళ్ళకెక్కింది. 2001 నుంచి బ్యాంకులలో విద్యా రుణ పథకము ఉన్నది. నాలుగు లక్షల దాకా తనఖా అక్కరలేదని నిబంధన. కాని మా పాస్టరేటులోని ఒక తండ్రి బ్యాంకుకు నాలుగుసార్లు తిరిగి, చివరికి పొలము కాగితములు చూపితే గాని సంతకము కాలేదు. పొలమే ఉంటే ఆయన బ్యాంకుకు ఎందుకు పోతాడు? ఆ కాగితములు కూడా బావమరిదివి.

2008-09లో రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము ఫీజు రీయింబర్స్‌మెంటును వెనుకబడిన తరగతులకు, ఇతర పేదలకు కూడా విస్తరించింది. కూలివారి ఇండ్లలో ఇంజనీర్లు పుట్టారు. దీనిని తక్కువ చేసి మాట్లాడేవారు ఒకసారి మన పేటలలో తిరిగి రావాలి. కాని పాత సంగతే మళ్ళీ జరిగింది, డబ్బు ఉన్న వైపుకే చదువు నడిచింది. ఒకనాడు అందరూ టీచరు ట్రెయినింగుకు పోయినట్లు ఇప్పుడు అందరూ ఇంజనీరింగుకు పోయారు. ఉమ్మడి రాష్ట్రములో ఇంజనీరింగు కాలేజీలు ఏడు వందల దరిదాపుకు చేరాయి. 2012లో చాలామందికి 35,000 రూపాయల దాకానే ఇస్తామన్నారు, మిగతాది ఇంటివారు భరించాలి. ప్రభుత్వమునుంచి సొమ్ము ఆలస్యమైతే ‘మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తాము’ అని కొన్ని కాలేజీలు సర్టిఫికెట్లు పట్టుకున్నాయి. ఉద్యోగమునకు పిలుపు చేతిలో, డిగ్రీ కాలేజీ బీరువాలో. 2021 నుంచి 2024 దాకా ఆంధ్రలో ఆ సొమ్మును తల్లుల ఖాతాలలో వేశారు. మెస్సు ఖర్చుకు డిగ్రీవారికి ఏటా ఇరవై వేలు వేరే. పాస్‌బుక్కు ఎన్నడూ పట్టని తల్లులు మొదటిసారి కాలేజీ లెక్క అడిగారు. అది నాకు నచ్చిన పద్ధతి. 2024లో ప్రభుత్వము మారాక అది కూడా మారింది.

ఇప్పటికీ జూన్, జూలై నెలలు వస్తే మిషను బంగళా వరండాలో తల్లిదండ్రులు కూర్చుంటారు. ఆదాయ సర్టిఫికెట్టు, కుల సర్టిఫికెట్టు, ఆధార్, పాస్‌బుక్కు అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో ఉంటాయి. అన్నీ చూపించాక గొంతు తగ్గించి, ‘అయ్యగారూ, మీ దగ్గర బాప్తిస్మపు కాగితము తీసుకుంటే అబ్బాయి స్కాలర్‌షిప్పుకు ఇబ్బందేమైనా వస్తుందా?’ అని అడుగుతారు. 1950లో పుట్టిన ప్రశ్న అది. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్లు రాసి ఇవ్వడమే నా పని. ఏ కాగితము ఏ బల్లమీద పెట్టుకోవాలో వారు ఆలోచించుకుంటారు.

ఈ వ్యాసమునకు కావలసిన లెక్కలు చాలా వరకు మన ఇండ్లలోనే ఉన్నాయి. పాత టర్ము ఫీజు రసీదులు, అన్నగారు పంపిన మనియార్డరు కూపన్లు, తాకట్టు పత్రములు, బోర్డింగు పిల్లలకు విదేశమునుంచి వచ్చిన ఉత్తరములు పెట్టె అడుగున ఉంటే పారవేయకండి. పాస్టరేటు కార్యాలయమునకు తెస్తే నకలు తీసుకొని అసలు మీకే తిరిగి ఇస్తాము. పేరు బయటపెట్టవద్దంటే పెట్టము.